అత్త తోసిన ముద్దలు

ఉదయగిరి,
14-4-1955

మీకు నమస్కరించి కామమ్మ రాసేది.

ఇక్కడ మామ, నేను, ఎడ్లు బాగున్నాము. మీరు అత్తను తీసుకుని బస్సెక్కి ఇవాళ్టికి ఎనిమిది రోజులు. మనకు పెళ్ళయి రెండేళ్ళు నిండలేదు, మీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. ఏ మాటతో మొదలు పెట్టాలో తెలియక రెండు కాగితాలు పాడు చేశాను. ఎదురుగా ఉంటేనే నాలుగు మాటలు మాట్లాడనిదాన్ని. ఆత్మకూరు బడిలో అయిదో తరగతి దాకా చదివిన చదువు ఇది. తప్పులుంటే నవ్వుకోండి గాని అత్తకు చెప్పకండి.

మీరు దారిలో ఆత్మకూరులో మా ఇంట్లో ఒక పూట ఆగారని మా అమ్మ కబురు చేసింది. అక్కడి డాక్టరు అత్త పొట్ట నొక్కి చూసి, పైన గట్టిగా గడ్డ తగులుతోంది, ఇక్కడ ఆలస్యం చేయవద్దు, చెన్నపట్నం తీసుకుపొండి అన్నాడట. అది విన్నప్పటినుంచి ఇంట్లో ఏ గిన్నె ముట్టుకున్నా చేతిలోనుంచి జారుతోంది.

మామ పంచలో కూర్చుని మోటకు పగ్గం పేనుతున్నారు. కావలసినంత పొడవు ఎప్పుడో అయిపోయింది. అయినా ఆపడం లేదు. నేను రాస్తున్నానని తెలిసి గోడతో చెప్పినట్టు చెప్పారు. "మీ అత్త తింటా ఉండాదా అని అడుగు. ఇంకేం అడగబన్లేదు."

నీళ్ళబావి దగ్గర వెంగమ్మ నలుగురిలో ఒక మాట అన్నది. "అత్త చూస్తే ఎండిన ఆముదపు కట్టె, కోడలు చూస్తే ఒళ్ళు చేసింది. ఆ ఇంట్లో తిండంతా ఎవురి కంచంలోకి పోతా ఉండాదో." అందరూ నవ్వారు. నేను బిందె నిండకుండానే ఎత్తుకుని వచ్చేశాను. ఈ మాట మీకు ఎందుకు రాశానో నాకే తెలియదు.

అత్త తింటున్నదా? అదొక్కటి రాయండి.

కామమ్మ


చెన్నపట్నం,
20-4-1955

కామమ్మకు,

నీ ఉత్తరం చేరింది. తప్పులు లేవు. నాయనకు ఈ కాగితం చదివి వినిపించు.

అమ్మను ఆసుపత్రిలో చేర్చుకున్నారు. ఆడవాళ్ళ వార్డులో కిటికీ పక్క మంచం ఇచ్చారు. పగలు దగ్గర కూర్చోనిస్తారు, పొద్దుగూకితే నన్ను వరండాలోకి తోలేస్తారు. ఇక్కడ లిదియమ్మ అని ఒక నర్సు ఉంది. మన కలువాయి మనిషే. ఆమె మాట వినగానే అమ్మకు ప్రాణం లేచి వచ్చింది. సముద్రం చూపిస్తాను రమ్మంటే అమ్మ, "ఉప్పునీళ్ళు చూసి ఏం చేసేదిరా, ఒక పంటన్నా పండదు" అన్నది. లిదియమ్మ పడీపడీ నవ్వింది. పాలు, బ్రెడ్డు ఇస్తున్నారు. కొంచెం కొంచెం తీసుకుంటున్నది. నాయనను దిగులు పడవద్దని చెప్పు.

(రెండో కాగితం)

కామమ్మా, ఇది నాయనకు చదవవద్దు. నువ్వే ఉంచుకో.

సున్నపునీళ్ళ మాదిరి తెల్లటి మందు తాగించి పొట్టకు ఫోటో తీశారు. అది రాచపుండు. పొట్టలోనుంచి పేగులోకి అన్నం దిగే చోట పెరిగి దారి మూసుకుపోతోందట. ఇంక మిగిలింది ఎంత కాలమని పెద్ద డాక్టరును అడిగాను. ఆయన మంచివాడే, విసుక్కోలేదు. గడ్డ ఉన్నచోటనే ఉందా, ఈరలోకి, అంటే కార్జంలోకి పాకిందా, పొట్టలో నీరు దిగిందా, ఒంట్లో రక్తం ఎంత, కోతకు మనిషి తట్టుకుంటుందా, ఇవన్నీ చూస్తే గాని చెప్పలేనన్నాడు. అమ్మ బరువు డెబ్బై ఒక్క పౌన్లు. మన ఊళ్ళో పన్నెండేళ్ళ పిల్ల అంతకన్నా బరువుంటుంది.

ఎన్నాళ్ళుగా తిండి దిగడం లేదు అని అడిగాడు. అమ్మ, "ఉగాదికి బొబ్బట్టు తిన్నానయ్యా, అది పళ్ళేదు. అప్పటినించే" అన్నది. అంటే నెల కూడా కాలేదు. డాక్టరు అది రాసుకుని, దాని కింద గీత గీశాడు. 

ఇంకొక మాట. అమ్మ వార్డులో అందరికీ చెబుతున్నది. "నా కోడలు ఒళ్ళు చేసింది, నెల తప్పినట్టుండాది, సిగ్గుతో చెప్పదు" అని. నిజమేనా? నాకైనా చెప్పరాదా?

నరసింహం


ఉదయగిరి,
26-4-1955

మీకు కామమ్మ నమస్కారాలు.

మొదటి కాగితం తలుపు చాటునుంచి మామకు చదివాను. సముద్రం మాట దగ్గర మామ నవ్వినట్టు వినిపించింది. చదవడం అయిపోయాక, "రెండు కాగితాలు వచ్చినట్టుండాయే, ఒకటే చదివినావేంది?" అన్నారు. మామతో నేను ఏనాడూ మాట్లాడలేదు కదా. ఉత్తరం చదవడం వేరు, నా నోటితో జవాబు చెప్పడం వేరు. గాజులు చప్పుడు కాకుండా పైకి తోసుకుని, గడపకు వీపు ఆనించి నిలబడ్డాను. మామ కాసేపు చూసి మళ్ళీ పగ్గం అందుకున్నారు.

రెండో కాగితం ఉప్పుజాడీ వెనక పెట్టాను. వంట చేస్తున్నంత సేపూ అది అక్కడ ఉన్నట్టు వీపుకు తెలుస్తూనే ఉంటుంది.

మీరు అడిగిన సంగతి. ఏం రాయాలో తెలియడం లేదు. ఒళ్ళు వచ్చిన మాట నిజమే. దాని సంగతి కాగితం మీద పెట్టలేను. మీరు వచ్చాక చెబుతాను. అత్తకు మాత్రం నా గురించి ఏ దిగులూ పెట్టుకోవద్దని చెప్పండి.

డాక్టరు ఇంకా ఏమైనా అడిగాడా? ఉగాది మాట విన్నాక ఏమన్నాడు? అది తప్పకుండా రాయండి.

మీ కామమ్మ


చెన్నపట్నం,
2-5-1955

కామమ్మకు,

ఈసారి ఒకటే కాగితం. చదివి పొయ్యిలో పెట్టెయ్. నాయనకు అమ్మ బాగుందని చెప్పు.

నీ ఉత్తరం అందిన పూట వరండాలో ఒక్కడినే నవ్వుకున్నాను. చెప్పలేనని రాసి చెప్పనే చెప్పావు. అమ్మకు చెవిలో చెప్పాను. మంచం మీద లేచి కూర్చుంది. "చూసినావా, నేను చెప్పలా" అని, ఆ పూట పాలు అయిదు చెంచాలు తాగింది. అరగంటకే కక్కుకుంది గాని, తాగింది.

మధ్యాహ్నం పెద్ద డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. ఆపరేషను చేయను అన్నాడు. నెలలో మనిషిని ఇంతకు దిగజార్చిందంటే అది ఉరుకుతున్న జబ్బట. కోసిన పుండు మానేలోపే మనిషి దక్కదు, ఆ బాధ పెట్టడం న్యాయం కాదు అన్నాడు. పదకొండో తేదీ ఇంటికి తీసుకుపొమ్మన్నాడు.  మంచం దగ్గరకు వెళితే అమ్మ, "మనవడికి ఉయ్యాల కొక్కేలు పాతవి ఉండాయి, తోమి పెట్టమను" అంటున్నది.

లిదియమ్మ మాత్రం నన్ను వదల్లేదు. "ఉగాదినించి అని మీ అమ్మ చెప్పింది, నువ్వు తలూపినావు. మొగోడివి, నీకేం తెలుసు? మీ అమ్మతో కలిసి తినేదెవురు?" అన్నది. నీ పేరు చెప్పాను. "ఆ పిల్లని అడుగు. ఎప్పటినించి తగ్గిందో, ఏం మానేసిందో ఉన్నదున్నట్టు రాయమను" అన్నది. ముందునుంచే ఉందంటే మంచిదా, చెడ్డదా అని అడిగాను. ఆమె చెప్పలేదు. "నాకు తెలిసేదానికి నేను డాక్టర్ని కాదు" అన్నది.

నీకు ఏమైనా తెలిస్తే వెంటనే రాయి. పదకొండు లోపల చేరాలి.

నరసింహం


ఉదయగిరి,
5-5-1955

మీ పాదాలు పట్టుకుని కామమ్మ రాసేది.

ఇది చదివాక మీరు నన్ను మా ఆత్మకూరు పంపించేసినా పోతాను. ముందు పూర్తిగా చదవండి.

నేను నెల తప్పలేదు. మీరు తప్పుగా అనుకున్నారు, నేను సరిగ్గా రాయలేదు. ఆ ఒళ్ళు అత్తది.

మీకు తెలుసు, మీరూ మామా తిని లేచాక అత్తా నేనూ ఒకే కంచంలో తింటాము. వంటింట్లో తలుపు దగ్గరగా వేసుకుని, ఎదురెదురుగా కూర్చుంటాము. పోయిన శ్రావణంలో, వరలక్ష్మీ వ్రతం పోయిన వారంలోనే, అత్త తన వైపు సంగటి ముద్ద సగం విరిచి నా వైపు తోసింది. "తిను, నీకు ఒంట్లో బలం లేదు" అన్నది. మా అమ్మ కూడా ఎప్పుడూ అలా తోయలేదు. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. తిన్నాను. మరునాడూ తోసింది. దసరా నాటికి అత్త సంగటి పూర్తిగా మానేసి మజ్జిగ అన్నం నాలుగు మెతుకులు తినేది, మిగిలిందంతా నాదే. వద్దంటే, "అత్త పెడతా ఉంటే వద్దంటావేందే" అని కసిరేది. కంచం ఖాళీ అయ్యేది. బయటికి వచ్చి చూసేవాళ్ళకు ఇద్దరమూ తిన్నట్టే ఉండేది.

సాయంత్రాలు గొడ్లపాక వెనక్కు వెళ్ళి కక్కి, పైన బూడిద పోసి వచ్చేది. ఆ బూడిద నేను చూశాను. కార్తీకంలో ఒకసారి ఎదురుపడ్డాను కూడా. నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "మొగోళ్ళకి చెప్పబాక. సేద్యం రోజులు, నన్ను ఆసుపత్రులంబడి తిప్పతారు" అన్నది. నేను తల ఊపాను. ఎవరికి చెప్పగలను? మీతో రాత్రి చెబుదామని నోటిదాకా వచ్చేది. మీరు అలిసిపోయి నిద్రపోయేవారు, నాకు లేపాలంటే సిగ్గు.

ఇప్పుడు అత్త ఒంటిమీద ఉన్న ముదురు ఆకుపచ్చ రవికె చూడండి. వదులైందని నాతో రెండుసార్లు లోపలికి కుట్టించుకుంది. దసరాకు నల్లదారంతో ఒకసారి, శివరాత్రికి నల్లదారం అయిపోయి తెల్లదారంతో ఇంకొకసారి. కుట్లు నావే. విప్పి చూస్తే తెలుస్తుంది. శివరాత్రి దాకా మజ్జిగ అన్నం నిలిచేది. తర్వాత జావ ఒక్కటే. ఉగాది బొబ్బట్టు ముక్క మామ చూస్తున్నారని తిన్నది. అది దిగలేదు. మీకందరికీ తెలిసింది ఆ రోజే. నాకు తెలిసి తొమ్మిది నెలలు.

లిదియమ్మ మంచో చెడో చెప్పలేదని రాశారు. నాకు మాత్రం తెలిసినట్టే ఉంది. పాత జబ్బంటే ముదిరిన జబ్బే కదా. ఇది చదివి డాక్టరు పదకొండు దాకా కూడా ఉంచనంటే, ఆ పని చేసింది నా చెయ్యే అవుతుంది. రాయకపోతేనో, ఇదంతా నా కడుపులోనే ఉంటుంది. నిన్నంతా ఈ రెంటి మధ్య తిరిగాను. ఈ ఇంట్లో అత్త కడుపు మాడుతుంటే నిండుతున్నది నా కడుపని వెంగమ్మ ఒక్క చూపులో కనిపెట్టింది. నేను ఎదురుగా కూర్చుని కనిపెట్టలేదు. కనిపెట్టి కూడా తిన్నానో, అదీ నాకు తెలియడం లేదు.

మీరు వెళ్ళినప్పటినుంచి ఆ కంచం ముందు ఒక్కదాన్నే కూర్చోలేక, రెండు ముద్దలు నిలబడే నోట్లో వేసుకుంటున్నాను.

ఈ ఉత్తరం మామ చేతికిచ్చి పంపను. నేనే పోస్టాఫీసుకు వెళతాను. ఒంటరిగా ఆ బజారు ఎప్పుడూ దాటలేదు. పోస్టుమాస్టరు వరదయ్య గారిని పదకొండు లోపల చేరుతుందా అని అడగాలి. అడుగుతాను.

అత్త చేతిలో చెయ్యి వేసి చెప్పనని తల ఊపినదాన్ని. ఆ మాట తప్పానని అత్తకు చెప్పండి.

కామమ్మ


చెన్నపట్నం,
15-5-1955

కామమ్మకు,

మొదటి కాగితం. నాయనకు చదువు.

అమ్మకు ఆపరేషను అయింది. పన్నెండో తేదీ పొద్దున లోపలికి తీసుకుపోయారు. మూడు గంటలు పట్టింది. పొట్టకూ పేగుకూ కొత్తదారి కలిపారు. నిన్న గంజినీళ్ళు ఇచ్చారు. కక్కుకోలేదు. ఇవాళ కూడా ఇచ్చారు, అదీ నిలిచింది. ఇంకో రెండు వారాల్లో వస్తాము. దారిలో ఆత్మకూరులో ఆగి వస్తాము.

(రెండో కాగితం)

ఇది నీకు. నాయనకు వద్దు.

నీ ఉత్తరం తొమ్మిదో తేదీ అందింది.  నిన్ను తిట్టుకున్నాను, దాచడం ఎందుకు. పక్కలో పడుకునే మనిషికి చెప్పడానికి తొమ్మిది నెలలు చాలలేదా అనుకున్నాను. తర్వాత నేను అడిగిన రోజు ఒక్కటైనా ఉందా అని వెతికాను. అమ్మ తిన్నదా అని నేను ఎప్పుడూ అడగలేదు. వడ్డించే మనిషి తినే ఉంటుందనుకున్నాను.

సాయంత్రం లిదియమ్మకు చదివి వినిపించాను. ఆమె నేరుగా వెళ్ళి అమ్మ రవికె అంచు తిరగేసింది. నల్లకుట్టు, దాని లోపల తెల్లకుట్టు. పెద్ద డాక్టరును పిలుచుకువచ్చింది. ఆయన వేలితో రెండు కుట్ల మధ్య ఎడం కొలిచి చూశాడు. ఎప్పుడెప్పుడు కుట్టిందని అడిగాడు. దసరా, శివరాత్రి అని చెప్పాను. మళ్ళీ పొట్ట నొక్కి చాలాసేపు చూశాడు. ఈరలో చేతికి తగిలేదేమీ లేదన్నాడు. తొమ్మిది నెలలుగా పట్టుకుని, మనిషి ఇంకా తన కాళ్ళమీద నడుస్తున్నదంటే ఇది మెల్లగా పాకే రకం, పొట్ట తెరిచి చూడవచ్చు అన్నాడు. నువ్వు భయపడినదానికి తలకిందులుగా అయింది. నువ్వు రాయకపోతే పదకొండో తేదీ ఇంటికి బయలుదేరేవాళ్ళం.

అయినా పూర్తిగా సంతోషించకు. గడ్డ మొత్తం తీయడం కుదరలేదు. వెనక అంటుకుని ఉందట, అక్కడే వదిలేశారు. ఎంత కాలం అంటే ఆరు నెలలు కావచ్చు, ఏడాది కావచ్చు, ఆపైన కూడా ఒకరిద్దరు ఉన్నారన్నాడు. ఇక అంతా లోపలికి పోయే తిండి మీద, ఒంట్లో పట్టే రక్తం మీద ఉందట. కొంచెం కొంచెంగా రోజుకు ఆరుసార్లు పెట్టాలి. ఎంత తిన్నదో ఎవరైనా ఎదురుగా కూర్చుని చూడాలి. తగ్గితే వెంటనే రాయాలి.

నెల తప్పలేదన్న సంగతి అమ్మకు చెప్పక తప్పలేదు. దుప్పటి అంచు సర్దుకుంది. తర్వాత, "తప్పలేదని నాకు తెలుసులేరా. తోసేది నేనే గదా. నలుగురికీ చెప్పుకుంటే అయినట్టుంటాదని" అన్నది. నీ మీద కోపమా అని అడిగాను. "దానిమీద కోపమేంది. అది నోరు తెరిచి చెప్పదని తెలిసే దాని వైపు తోసినాను. చెప్పే కోడలయితే వేరే దారి చూసుకునుందును" అన్నది.

నరసింహం


ఉదయగిరి,
20-5-1955

మీకు కామమ్మ రాసేది.

మీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం వచ్చింది. మామ ఈసారి పంచలో ఆగలేదు. తలుపు దగ్గరకే వచ్చి నేలమీద కూర్చుని, "ఎన్ని కాగితాలు?" అన్నారు.

"రెండు" అన్నాను. మామతో నేను మాట్లాడిన మొదటి మాట అదే.

రెండూ చదివాను. మీరు వద్దన్నది కూడా. తప్పయితే వచ్చి తిట్టండి. ఇంట్లో ఒకరికి తెలిసి ఇంకొకరికి తెలియకుండా ఉంచితే ఏమవుతుందో చూశాము కదా. గడ్డ వదిలేశారన్న చోట చదవడం ఆపేశాను. మామ, "చదువు" అన్నారు. ఆరు నెలలు అన్నచోట మళ్ళీ ఆపాను. "చదవమ్మా" అన్నారు.

చదవడం అయ్యాక ఎడ్లకు నీళ్ళు పెట్టే వేళ అయినా లేవలేదు. చివరికి, "శ్రావణంనించా?" అని అడిగారు.

"అవును మామా."

"నా ముందరే తిరగతా ఉన్నింది. నాకు వడ్డిస్తానే ఉన్నింది. నేను నా కంచమే చూసుకున్నాను." ఇంకొంచెం సేపటికి అన్నారు. "ఆమె వచ్చినాక ముందు ఆమెకి పెట్టు. ఆమె తినేది నేను చూడాల. ఆ తర్వాతనే నాకు. నీ మొగుడికి ఇట్లానే రాయి."

అందుకే ఇలాగే రాస్తున్నాను. అత్తకు కూడా ఇది చదివి వినిపించండి. మామకంటే ముందు తినడానికి అత్త ఒప్పుకోదు. ఒప్పించే పని మీది.

నాకు భయం పోలేదు. పెరిగింది. ఇంతకు ముందు తెలియనిదానికి భయపడేదాన్ని. ఇక రోజుకు ఆరుసార్లు తెలిసే భయపడాలి. ఏ ముద్ద దిగుతుందో, ఏ ముద్దతో ఆగుతుందో. రేపటినుంచి రాగులు నానబెట్టి మొలకెత్తించి ఎండబెడతాను, జావకు. పాతరవికె కుట్లు విప్పనవసరం లేకుండా కొత్తది ఒకటి కుడతాను, పక్కన గుడ్డ ఎక్కువ వదిలి. వదులు చేయవలసి వస్తే వదులు చేయడానికి.

నిన్న సాయంత్రం ఇంకొకటి జరిగింది. మామకు వడ్డించి నేను లోపలికి వచ్చాను. మామ తిని చెయ్యి కడుక్కుని, ఎప్పటిలా బయటికి పోకుండా గడపలో నిలబడ్డారు.

"కామమ్మా, నీ కంచం ఇట్లా తెచ్చుకో."

నేను కదలలేదు.

"వాళ్ళు పోయినకాడినించి నువ్వు తినేది నేను చూళ్ళేదు. నీ గాజులు మోచేతి కాడికి జారతా ఉండాయి. ఒకసారి చూడకుండా పోగొట్టుకుంటా ఉండాను. సిగ్గయితే నేను అటు తిరిగి కూర్చుంటాలే."

నిజంగానే అటు తిరిగి కూర్చున్నారు. పగ్గం చేతిలోకి తీసుకున్నారు గాని పేనలేదు. నేను అత్తా నేనూ తినే పెద్ద కంచంలోనే పెట్టుకుని, నా వైపు కూర్చుని, మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఎంతసేపటికీ మింగుడు పడలేదు. అత్తకు ఇలాగే ఉండేదేమో, తొమ్మిది నెలలూ ప్రతి పూటా ఇలాగే ఉండేదేమో అనిపించింది. నీళ్ళు తాగి మింగాను.

మామ వెనక్కు తిరగకుండానే అడిగారు. "దిగిందా?"

"దిగింది మామా" అన్నాను.

కామమ్మ